ఇంట్లో ఐస్‌క్రీం చేస్తే డబ్బు కలిసొస్తుందా? వస్తుంది, విప్పింగ్ క్రీం జోలికి పోకపోతే

చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వేసవిలో ఐస్‌క్రీంకే నెలకు రెండు వేలు దాటుతోంది. వీడియో చూసి అర లీటరు విప్పింగ్ క్రీం, ఒక కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా తెచ్చి చేశారు. లెక్క చూసుకుంటే బయట కొన్నంత అయింది. పైగా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో జారుగా, అంచుల్లో ఐసు పలుకులుగా వచ్చింది. ఇంట్లో చేసుకోవడం నిజంగా కలిసొస్తుందా, మెషీన్ కొంటే బాగుపడుతుందా అన్నారు.

పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు ఐస్‌క్రీం సరఫరా చేసే చిన్న యూనిట్‌లో చాలాకాలం మిక్స్ కలిపే పని నాది. ఇప్పుడు ఇంట్లో మనవల కోసం చేస్తున్నాను. కాబట్టి రెండు వైపుల లెక్కా తెలుసు.

కలిసొస్తుంది. బాగానే కలిసొస్తుంది. కాకపోతే మీరు చేసిన పద్ధతిలో ఎన్నిసార్లు చేసినా కలిసిరాదు. విప్పింగ్ క్రీం, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి గిలక్కొట్టేది పని తక్కువ పడే వంటకం, డబ్బు తక్కువ పడేది కాదు. కండెన్స్‌డ్ మిల్క్ అంటే ఎవరో పాలను మరిగించి, నీళ్ళు తీసేసి, పంచదార కలిపి, డబ్బాలో పోసి అమ్మింది. విప్పింగ్ క్రీం కూడా అంతే, ఎవరో పని చేసిపెట్టిన సరుకు. ఆ పనికి డబ్బులు కట్టి, దాన్ని ఇంట్లో గడ్డకట్టించి, మనమే చేశాం అనుకుంటున్నాం. అర లీటరు క్రీం 130, డబ్బా 145 అనుకున్నా 275 రూపాయలు. ఎంత బాగా గిలక్కొట్టినా లీటరున్నర వస్తుంది. వంద మి.లీ. 18 రూపాయలు పడింది. దుకాణంలో మామూలు వెనీలా ఫ్యామిలీ ప్యాక్ కూడా ఇంచుమించు ఆ ధరకే దొరుకుతుంది, ఒకటి కొంటే ఒకటి ఉచితం ఉన్న రోజున ఇంకా తక్కువకే. ఇక్కడ నేను వేస్తున్న ధరలన్నీ మా దగ్గరివి, సుమారువి. మీ ఊరి ధర వేసుకుని లెక్క సరిచూసుకోండి.

ఇంకో మాట. మీరు తెచ్చిన ప్యాకెట్ తిప్పి చూడండి. బేకరీ సామాన్ల దుకాణాల్లో అమ్మే విప్పింగ్ క్రీంలో చాలావాటి మీద నాన్ డెయిరీ అని ఉంటుంది. అంటే అందులో పాల మీగడ ఉండదు. గడ్డకట్టించిన నూనె కొవ్వు, పంచదార, నీళ్ళు ఉంటాయి. కేకు మీద పువ్వులు వేయడానికి అది మంచిదే. పిల్లలకు పాలు పోసినట్టు ఉంటుందని దానితో ఐస్‌క్రీం చేస్తే మాత్రం అనుకున్నది జరగదు.

ముందు దుకాణం డబ్బా సంగతి

పోల్చేటప్పుడు అందరం ధరను లీటరుకు చూస్తాం. ఐస్‌క్రీంలో లీటరు అనేది తికమక పెట్టే కొలత. ఆహార ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీంలో పాల కొవ్వు 10 శాతానికి తగ్గకూడదు, లీటరు బరువు 525 గ్రాములకు తగ్గకూడదు. గడ్డకట్టక ముందు ఆ మిక్స్ లీటరు 1,100 గ్రాముల దాకా తూగుతుంది. అంటే లీటరు డబ్బాలో సగం సరుకు, సగం గాలి ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది.

గాలి కలపడం మోసం కాదు. గాలి లేని ఐస్‌క్రీం చెంచా దిగని రాయి. మేం యూనిట్‌లో చేసినా గాలి ఎక్కించేవాళ్ళం. నేను చెప్పేది కొలత గురించి. ఇంట్లో చేతి బీటర్‌తో ఎంత కొట్టినా గాలి ముప్పై, నలభై శాతం మించి ఎక్కదు. అందుకే ఇంటి ఐస్‌క్రీం కప్పు చిన్నదిగా కనిపించినా కడుపు నిండుతుంది. డబ్బా మీద మి.లీ. పక్కన గ్రాములు కూడా రాసి ఉంటే గ్రాములే చూడండి.

డబ్బా మీద ఐస్‌క్రీం అని ఉందా, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉందా అన్నది కూడా చూడాలి. రెండోదాంట్లో పాల కొవ్వు బదులు వృక్ష సంబంధమైన నూనె కొవ్వు ఉంటుంది. తినకూడనిదేం కాదు గానీ చవక. ఉచితం ఆఫర్లు దాని మీదే ఎక్కువ కనిపిస్తాయి. మీ ఇంటి పాల ఐస్‌క్రీంని దానితో పోల్చి ఏం మిగల్లేదని బాధపడితే, నెయ్యిని డాల్డాతో పోల్చినట్టే.

ఇంకొకటి, పాత లెక్కలు పట్టుకుని చూడకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీం మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ తగ్గింపంతా మనదాకా వస్తే 118 రూపాయల సరుకు 105కు రావాలి. కాబట్టి అంతకుముందు వీడియోల్లో చెప్పిన సగానికి సగం ఆదా లాంటి మాటలు ఇప్పుడు అలాగే నిలబడవు.

నేను చేసే పద్ధతి, దాని ఖర్చు

కావలసింది ఒక లీటరు ఫుల్ క్రీం పాలు, అంటే 6 శాతం కొవ్వున్నవి. టోన్డ్ పాలల్లో 3 శాతమే, వాటితో పుల్లైసు బాగుంటుంది, ఐస్‌క్రీం బాగుండదు. పాలపొడి 50 గ్రాములు, పంచదార 200 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ టేబుల్ స్పూన్‌న్నర, జీఎంఎస్ పొడి ఒక టేబుల్ స్పూన్, సీఎంసీ పొడి పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు, ఎసెన్స్, ఇంట్లో తీసిన మీగడ ఒక కప్పు.

జీఎంఎస్, సీఎంసీ అనగానే కొందరు రసాయనాలు అని భయపడతారు. జీఎంఎస్ కొవ్వునుంచి చేసేది, నీళ్ళనూ కొవ్వునూ విడిపోకుండా పట్టి ఉంచి గాలి నిలబడేట్టు చేస్తుంది. సీఎంసీ మొక్కల నార పదార్థం నుంచి చేసేది, నీళ్ళను పట్టి ఉంచి ఐసు పలుకులు పెరగనివ్వదు. బేకరీ సామాన్లు అమ్మేచోట చిన్న ప్యాకెట్లలో దొరుకుతాయి. తినడానికి పనికొచ్చే రకం అని రాసి ఉన్నదే కొనండి. ఒక్కో ప్యాకెట్ ఒక వేసవికి సరిపోగా మిగులుతుంది. వాడటం ఇష్టం లేకపోతే మానేయండి. ఐస్‌క్రీం వస్తుంది, కాస్త గట్టిగా వస్తుంది, రెండు మూడు రోజుల్లో తినేయాలి.

ఖర్చు చూద్దాం. పాలు 75, పాలపొడి 22, పంచదార 9, కార్న్‌ఫ్లోర్ 3, పొడులు 5, ఎసెన్స్ 3, గ్యాసు రెండు మూడు రూపాయలు. మొత్తం 120. మీగడతో కలిపి దాదాపు కిలో మూడు వందల యాభై గ్రాముల సరుకు తయారవుతుంది, గాలి ఎక్కాక లీటరున్నర పైనే. కిలో 90 రూపాయలకు అటూ ఇటూ. దుకాణంలో లీటరు 200 అనుకున్నా, 525 గ్రాముల లెక్కన కిలో 380 అయింది.

మీగడ ఉచితమని నేను అనను. ఆ కప్పు మీగడ కాస్తే రెండు మూడు చెంచాల నెయ్యి వచ్చేది, దాని విలువ పాతిక రూపాయలు. అది కలిపినా 145. మీగడ లేనివాళ్ళు దుకాణంలో 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీం 200 మి.లీ. కొని వేస్తే 180 దాకా అవుతుంది. అప్పటికీ మీ 275 కంటే నయమే, పైగా అంతా పాల సరుకే.

ఫ్రిజ్ కరెంటు గురించి చాలామంది అడుగుతారు. కిలోన్నర మిక్స్‌ని గడ్డకట్టించడానికి పట్టే కరెంటు యూనిట్‌లో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, రూపాయి కూడా కాదు. ఫ్రిజ్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. అసలు ఖర్చు గ్యాసులో ఉంది. కుల్ఫీకి చేసినట్టు రెండు లీటర్ల పాలు లీటరు అయ్యేదాకా మరిగిస్తే పది రూపాయల దాకా గ్యాసు, గంట పైగా మీ సమయం, వేసవిలో వంటింట్లో నిలబడే శిక్ష. 50 గ్రాముల పాలపొడి వేయమన్నది అందుకే. నీళ్ళు తీసేసే బదులు పాల ఘనపదార్థం చేర్చేస్తే పని అయిపోతుంది. అంతకు మించి వేస్తే మాత్రం నాలుకకు ఇసుకలా తగులుతుంది.

చేసే విధానం. లీటరులో ఒక కప్పు పాలు చల్లగానే పక్కన పెట్టుకోండి. అందులో కార్న్‌ఫ్లోర్, పాలపొడి, జీఎంఎస్ ఉండల్లేకుండా కలపండి. సీఎంసీని మాత్రం పొడి పంచదారలో కలిపేయండి. నేరుగా పాలల్లో వేస్తే జిగురు గడ్డలు కడుతుంది, ఆ తర్వాత ఎంత గిలక్కొట్టినా విడవదు. మిగతా పాలు కాగుతుండగా పంచదార వేసి కరిగించి, పక్కన పెట్టిన పాలు సన్న ధారగా పోస్తూ కలుపుతూ ఉండండి. పొంగు వచ్చాక సన్న సెగమీద నాలుగైదు నిమిషాలు అడుగంటకుండా తిప్పాలి. ఈ నాలుగైదు నిమిషాలు తగ్గిస్తే పిండి వాసన వస్తుంది, చల్లారాక కూడా పోదు. దించి, గిన్నెను నీళ్ళ బేసిన్‌లో పెట్టి త్వరగా చల్లార్చండి.

ఇక్కడే అందరూ తొందరపడతారు. చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. వద్దు. మూత పెట్టి కింద ఫ్రిజ్ అరలో రాత్రంతా ఉంచండి, కనీసం నాలుగు గంటలు. ఈలోపు పాల కొవ్వు గట్టిపడుతుంది, పొడులు నీళ్ళను పీల్చుకుంటాయి. మర్నాడు చూస్తే మిక్స్ ముందటి కంటే చిక్కగా ఉంటుంది. యూనిట్లలో కూడా ఈ దశ దాటవేయరు. పైసా ఖర్చు లేకుండా నాణ్యత పెరిగే చోటు ఇదొక్కటే.

ఆ తర్వాత వెడల్పాటి, లోతు తక్కువున్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అంచుల్లో గట్టిపడి మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తీసి, ముక్కలుగా కోసి, చల్లటి గిన్నెలో మీగడ, ఎసెన్స్ వేసి బీటర్‌తో కొట్టండి. తెల్లబడి, ఒకటిన్నర రెట్లు పొంగాలి. మిక్సీలో కూడా చేయొచ్చు గానీ ఆపి ఆపి తిప్పాలి. మిక్సీ బ్లేడు వేడెక్కుతుంది, గాలి కూడా తక్కువ ఎక్కుతుంది. మీరు ఏదైనా కొనదలిస్తే మెషీన్ కాదు, తీగల బీటర్ ఉన్న చేతి ఎలక్ట్రిక్ బీటర్ కొనండి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. కేకులకూ పనికొస్తుంది.

మీగడ సంగతి

రోజూ కాచిన పాల మీద కట్టే మీగడను తీసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. నాలుగైదు రోజులది చాలు. వెన్న చిలకడానికి దాచినట్టు కింద అరలో వారం రోజులు పెడితే పులుస్తుంది, ఆ పులుపు ఐస్‌క్రీంలో స్పష్టంగా తెలుస్తుంది. పెరుగు మీద మీగడ అసలు వద్దు. వాడే ముందు కింద అరలోకి మార్చి మెత్తబడనిచ్చి, ఒకసారి జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే పొరలు పొరలుగా రాకుండా ఉంటుంది. ఎక్కువసేపు కొట్టారో, వెన్నపూస విడిపోతుంది. అదే జరిగితే నెయ్యి కాచేసుకోండి, ఆ రోజుకు మీగడ లేని ఐస్‌క్రీం తినండి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఎందుకు పలుకులు వచ్చాయి

నీళ్ళు నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పలుకులు, త్వరగా గడ్డకడితే సన్న పలుకులు. ఐస్‌క్రీం మెత్తదనమంతా ఇదే. డబుల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దాకా దిగుతుంది. సింగిల్ డోర్ పైఅర చాలా ఇళ్ళలో అంత దిగదు, పైగా తలుపు తీసిన ప్రతిసారీ వేడి గాలి నేరుగా తగులుతుంది. పంచదార కలిసిన మిక్స్ సున్నా దగ్గర గడ్డకట్టదు, మైనస్ రెండున్నర దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణించి డిగ్రీ డిగ్రీకీ కొంచెం కొంచెంగా గట్టిపడుతూ పోతుంది. మీ ఫ్రిజ్ మైనస్ 8 దగ్గర ఆగిపోతే ఎన్ని గంటలు పెట్టినా సగం జారుగానే ఉంటుంది.

మీ వంటకంలో తీపి ఎక్కువైందని కూడా నా అనుమానం. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి దగ్గరగా పంచదారే. నాన్ డెయిరీ క్రీంలో అప్పటికే తీపి ఉంటుంది. పంచదార పెరిగేకొద్దీ గడ్డకట్టే చోటు కిందికి పోతుంది. మొత్తం బరువులో పంచదార 14, 15 శాతం ఉంటే సింగిల్ డోర్‌కు సరిపోతుంది. 20 దాటితే అందులో గట్టిపడదు. 12 కంటే తగ్గితే చెంచా దిగదు. నేను పైన చెప్పిన 200 గ్రాములు ఈ లెక్కలోనే ఉన్నాయి. మిక్స్ వెచ్చగా ఉన్నప్పుడు రుచి చూస్తే కాస్త ఎక్కువ తీపిగా అనిపించాలి, చల్లదనానికి నాలుక తీపిని తక్కువగా పట్టుకుంటుంది. బెల్లం వేయాలని ఉంటే పాలు పూర్తిగా చల్లారాకే వేయండి, వేడిలో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది.

మీ ఫ్రిజ్‌తోనే బాగా రావాలంటే, మూడు గంటల ముందే నాబ్‌ను ఎక్కువ చల్లదనం వైపు తిప్పి పెట్టండి. పైఅరలో మంచు పేరుకుని ఉంటే ముందురోజు డీఫ్రాస్ట్ చేసుకోండి, ఆ మంచు పొర దుప్పటిలా చల్లదనాన్ని అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బా కాదు, స్టీలు డబ్బా. అది ఖాళీగానే గంటసేపు ఫ్రీజర్‌లో ఉండాలి. డబ్బా ఫ్రీజర్ అడుగుభాగానికి నేరుగా తగిలేట్టు పెట్టండి, కింద గుడ్డలు, ట్రేలు వద్దు. లీటరున్నర ఒకేసారి పెట్టకుండా రెండు చిన్న డబ్బాల్లో పెట్టండి. ఒకసారి కాకుండా రెండుసార్లు తీసి కొట్టండి. చివరిగా పెట్టేటప్పుడు మిక్స్ పైభాగాన్ని అంటుకునేట్టు పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఆపైన మూత. ఇవన్నీ రాత్రి పడుకునే ముందు చేస్తే తలుపు తీసేవాళ్ళుండరు, పొద్దుటికి తయారు. అన్నట్టు, అదే అరలో చేపలు, వెల్లుల్లి ముద్ద ఉంటే వాటికి గట్టి మూతలు పెట్టండి. పాల కొవ్వు పక్కవాటి వాసన ఇట్టే పట్టుకుంటుంది.

అయినా గట్టిపడకపోతే ఐసు, ఉప్పు పద్ధతి ఉంది. పాతకాలం చెక్క బకెట్ ఐస్‌క్రీంలన్నీ అలా చేసినవే. మూడు వంతులు ఐసు ముక్కలకు ఒక వంతు కల్లుప్పు బరువు చొప్పున కలిపితే మైనస్ 15 కంటే కిందికి దిగుతుంది, సిద్ధాంతం ప్రకారం మైనస్ 21 దాకా. మీ ఫ్రిజ్ కంటే చల్లన! ప్లాస్టిక్ బకెట్‌లో ఐసు ఉప్పు పొరలు పొరలుగా వేసి, మధ్యలో మిక్స్ ఉన్న స్టీలు క్యాను దింపి, మూత మీద గుడ్డ కప్పి, క్యానును అటూ ఇటూ తిప్పుతూ ఐదు నిమిషాలకోసారి అంచుల్లో కట్టిందాన్ని గరిటెతో గీరి మధ్యలోకి తోయాలి. అరగంట, ముప్పావు గంటలో అవుతుంది. ఉప్పునీళ్ళు క్యాను మూతలోకి రాకుండా చూసుకోండి, తర్వాత మొక్కలకు పోయకండి. ముగ్గురు పిల్లలున్నారు కాబట్టి తిప్పడానికి మనుషులకు కొదవ లేదు.

డబ్బు నిజంగా మిగిలేది ఎక్కడ

వెనీలా దగ్గరా మిగులుతుంది, పైన లెక్క చూశాం. ఇంకా ఎక్కువ కలిసొచ్చేది మాత్రం పండ్ల ఐస్‌క్రీంల దగ్గర, పుల్లైసుల దగ్గర. మీ రెండు వేలు ఎక్కడ పోతున్నాయో ఒక నెల రాసి చూడండి. నేను చూసిన ఇళ్ళలో ఫ్యామిలీ ప్యాకుల మీద పోయేది తక్కువ. సాయంత్రం బండి దగ్గర మూడు కోన్లు, ఆదివారం పార్లర్‌లో సీతాఫలం స్కూపులు, రాత్రి ఫోన్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు డెలివరీ చార్జీ, అదే అసలు ఖర్చు.

పుల్లైసు మీద మొదలుపెట్టండి. సేమియా ఐసు గుర్తుందా? అర లీటరు టోన్డ్ పాలు, ఒక గ్లాసు నీళ్ళు, వంద గ్రాముల పంచదార, గుప్పెడు సేమియా, చెంచా కార్న్‌ఫ్లోర్, యాలకుల పొడి. సేమియా పూర్తిగా మెత్తబడేదాకా ఉడకాలి, లేకపోతే గడ్డకట్టాక పళ్ళకు పుల్లల్లా తగులుతుంది. చల్లార్చి అచ్చుల్లో పోస్తే పది పన్నెండు వస్తాయి. ఒక్కోటి మూడున్నర, నాలుగు రూపాయలు. కొబ్బరి కోరు వేస్తే ఇంకో రకం. అచ్చులు లేకపోతే చిన్న స్టీలు గ్లాసులు, మధ్యలో పుల్ల. రోజూ కోన్ అడిగే పిల్లలకు వారంలో నాలుగు రోజులు ఇవి ఇస్తే మీ బడ్జెట్ అక్కడే సగం దారికొస్తుంది. ద్రాక్ష ఐసు, నిమ్మ ఐసు లాంటి నీళ్ళ ఐసులకు కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి, గడ్డకట్టినంత మాత్రాన నీళ్ళలోని క్రిములు చావవు.

మామిడి పండ్లు మే నెలలో చవక పడ్డాక గుజ్జు తీసి అర కిలో ప్యాకెట్లుగా ఫ్రీజర్‌లో దాచుకోండి. ఐస్‌క్రీంకి బంగినపల్లి బాగుంటుంది, పీచు ఉండదు. రసాలకు రుచి ఎక్కువే గానీ తప్పకుండా వడకట్టాలి. దెబ్బ తగిలి చవకగా ఇచ్చే పండ్లు దీనికి చక్కగా పనికొస్తాయి, కుళ్ళిన భాగం కోసేసి. గుజ్జులో నీళ్ళు ఎక్కువ కాబట్టి లీటరు పాల మిక్స్‌లో అర కిలో గుజ్జు వేసేటట్టయితే పాలపొడి ఇంకో రెండు చెంచాలు పెంచండి. గుజ్జును చల్లటి మిక్స్‌లోనే కలపాలి.

సీతాఫలం సెప్టెంబరు నుంచి వస్తుంది. పాలమూరు వైపు బాలానగర్ రకానికి పేరు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీం దుకాణాల ముందు ఆ రోజుల్లో నిలబడి తిన్నవాళ్ళకు దాని విలువ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ. గింజలు చేత్తోనే తీయాలి. మిక్సీలో వేసి తిప్పేద్దాం అనుకోకండి, నలిగిన సీతాఫలం గింజ విషం, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. గుజ్జును పొయ్యి మీద పెడితే చేదెక్కుతుంది. ఎసెన్స్ వేయొద్దు, మీగడ కూడా సగం చాలు, పండులోనే ఆ నున్నదనం ఉంది. సపోటా ఇంకా సులువు, బాగా మాగినవి మాత్రమే వాడండి. పచ్చిదనం ఉంటే నాలుక పిడచగడుతుంది.

ఉడికించని అనాస, బొప్పాయి మాత్రం పాలల్లో నేరుగా వేయకండి. వాటిలో ఉండే ఎంజైమ్ పాల మాంసకృత్తులను విరిచేసి చేదు తెస్తుంది. ముక్కలను పంచదారతో పది నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే సమస్య ఉండదు.

జీడిపప్పు వేయాలంటే గుండ్లు కొనకండి. ముక్క పప్పు కిలోకు చాలా తేడా, నెయ్యిలో వేయించి వేస్తే ఎవరూ కనిపెట్టలేరు.

మెషీన్ గురించి

ఇళ్ళకు అమ్మేవాటిలో రెండు రకాలు. ఒకదానికి జెల్ నింపిన గిన్నె ఉంటుంది, దాన్ని ముందు పన్నెండు గంటల పైన ఫ్రీజర్‌లో బాగా గడ్డకట్టించాలి. మీ సింగిల్ డోర్ పైఅరలో ఆ గిన్నె పట్టదు, పట్టినా అది కోరే చల్లదనం రాదు. డబ్బులు పోసి అటక మీద పెట్టుకోవడమే. రెండోది సొంత కంప్రెసర్ ఉన్నది. పని చక్కగా చేస్తుంది, కానీ ధర ఇరవై వేల పైమాటే. మీరు నెలకు వెయ్యి రూపాయలు ఆదా చేస్తారనుకున్నా, వేసవి మూడు నెలలే కదా చేసేది, దాదాపు ఏడేళ్ళు పడుతుంది ఆ డబ్బు తిరిగి రావడానికి. అంత డబ్బు పెట్టే ఆలోచన ఉంటే, ఫ్రిజ్ మార్చే రోజు వచ్చినప్పుడు డబుల్ డోర్ తీసుకోండి.

నిల్వ విషయం. ఇంటి ఐస్‌క్రీం వారం, పది రోజుల్లో తినేయాలి. చిన్న డబ్బాల్లో పెడితే ఆ పూటకు తినేంతే బయటికి తీస్తాం, మిగతాది కదలదు. కరెంటు పోయి పూర్తిగా కరిగిపోయింది అనుకోండి, మళ్ళీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టకండి. కరిగి ఎంతసేపైందో మనకు తెలియదు, ఆ వెచ్చదనంలో పెరిగిన క్రిములు చలికి చావవు. ఇంకా చల్లగా ఉండగానే చూస్తే గ్లాసుల్లో పోసి మిల్క్‌షేక్‌గా అప్పటికప్పుడు తాగేయండి. పచ్చి గుడ్డు వేసే వంటకాలు కూడా పిల్లలున్న ఇంట్లో వద్దని నా సలహా, ఈ మిక్స్‌కు గుడ్డు అవసరమే లేదు.

మీ దగ్గర ఆ విప్పింగ్ క్రీం ఇంకా మిగిలి ఉంటే పారేయకండి. ఈసారి మిక్స్ కొట్టేటప్పుడు మీగడ బదులు ఒక కప్పు అదే వేయండి, పంచదార 200 బదులు 160 గ్రాములు చాలు. వచ్చింది ఎలా ఉందో, మీ ఫ్రిజ్ ఏ కంపెనీదో కాకుండా ఎన్ని లీటర్లదో, ఎన్నేళ్ళదో రాయండి, నాబ్ ఎంత దగ్గర పెట్టాలో చెబుతాను.